శివరాత్రికీ ఉగాదికీ మధ్య

అదెలా కుదురుతుంది, కుదరదు, కుదరడానికి వీల్లేదు అనుకుంటూ నరసింగరావు ఇసకలో కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నాడు, ముందు పద్మకుమారి కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని అలల్లో చిన్నపిల్లలా గెంతుతోంది, పెళ్ళయిన తొమ్మిదేళ్ళకి టెక్కలిలో బట్టల కొట్టు ఒక్క రోజు మూసి, ముగ్గురాడపిల్లల్నీ అమ్మ దగ్గర వదిలి, మొగుడూ పెళ్ళాం ఇద్దరే భావనపాడు సముద్రానికి వచ్చారు కదా, ఆ సంబరంలో సరుగుడు తోట దాటగానే చెప్పేసింది, రెండు నెలలైనాదండి, నీళ్ళోసుకున్నాను, ఈపాలి మగపిల్లడేనని నా మనసు సెప్తన్నాది, అని, అతను ఆఁ అన్నాడు.

శివరాత్రి వెళ్ళిన నాలుగో రోజున, సరుక్కి పర్లాకిమిడి వెళుతున్నానని ఇంట్లో చెప్పి, పొరుగూళ్ళో ఎర్ర ముక్కోణం బొమ్మ కట్టిన శిబిరంలో పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించుకున్న సంగతి పద్మకి తెలియదు, అమ్మకి తెలియదు, తెలిస్తే మనవడి కోసం మొక్కని దేవుడు లేని ఆవిడ అన్నం మానేస్తుంది, బజారంతా నవ్వుతుంది, అయినా చేయించుకున్నాడు, మూడో కాన్పులో పద్మ చచ్చి బతికింది మరి, ఇంకో కాన్పంటే మనిషి దక్కదయ్యా అని డాక్టరమ్మ మొహమ్మీదే చెప్పేసింది, పద్మ బెంగపెట్టుకుంటుందని అదీ దాచాడు, ఇంత చేసిన మొగుడికి ఇదా, మరి ఎవరిది, ఉగాదికి విజయనగరం నుంచి ఆమె మేనబావ వెంకటరావు వచ్చాడు, నాలుగు రోజులున్నాడు, తను పొద్దున్నే కొట్టుకి పోతే పెరట్లో వాళ్ళ నవ్వులు వీధి దాకా వినిపించాయని పక్కింటి జగ్గమ్మ అననే అంది, శివరాత్రి, ఉగాది, నెల తప్పడం, వేళ్ళ మీద ఎన్నిసార్లు లెక్కేసినా సరిగ్గా సరిపోతోంది, ఛీ ఛీ, పద్మ గురించి ఎంతలేసి మాట, అనుకుంటాడు, మళ్ళీ బొటనవేలు కణుపుల మీదికి పోతుంది.

ఏటండీ అలగైపోనారు, ఎండ తగిలినాదేటి, కూకోండి, అంటూ ఆమె వచ్చింది, మొహం మీద ఉప్పునీళ్ళు కొంగుతో తుడుచుకుంది, ఇంత నవ్వుమొహంతో ఎవరైనా అబద్ధమాడగలరా, ఆడగలరు, తను ఆడలేదూ, అడిగేస్తాను, మీ బావ ఎందుకొచ్చాడే అని అడిగేస్తాను, ఇంతలో ఆమె సంచీలోంచి జంతికల పొట్లం తీసి అతని అరచేతిలో పెట్టి, అలవాటుగా వేళ్ళు మూసింది, లోపల కాగితం చప్పుడైంది.

కాగితం పొట్లం, ఆ రోజు శిబిరంలో నర్సమ్మ కూడా ఇలాగే అరచేతిలో పెట్టింది, ఏదో చెప్పింది, చాలాసేపే చెప్పింది, అతని కళ్ళు మాత్రం గుమ్మం మీదున్నాయి, టెక్కలి వాళ్ళెవరైనా చూస్తారేమోనని, ఆఁ ఆఁ అని తలూపుతూనే బయటపడ్డాడు, ఏమంది, తెచ్చుకో జ్ఞాపకం, ఏమంది, వెంటనే గుణం సెయ్యదు బాబూ, మూడు నెలలు ఈ నిరోధ్‌లు వాడాల, మరిసిపోనావంటే ఆపరేసను సేసినా కడుపొస్తాది, అంది, ఆ మాటే అంది, అతను సిగ్గేసి పొట్లం దారం కూడా విప్పకుండా బస్టాండు వెనక మురిక్కాలవలో పారేశాడు, నెల తిరక్కుండానే, ఇంక భయం లేదని, ధీమాగా పద్మ పక్కన చేరాడు, ఉగాదికి వెంకటరావు వీధరుగు మీద గుర్రుపెట్టి పడుకున్న ఆ నాలుగు రాత్రులూ లోపల ఆమె పక్కన ఉన్నది తనే.

అమ్మయ్య, పద్మ నిప్పు, అనుకున్నాడు, అనుకుంటూనే ఇంకో కాన్పంటే మనిషి దక్కదన్న డాక్టరమ్మ మాట గుర్తొచ్చింది, ఆమె పక్కన కూర్చుని జంతిక విరిచి నోటికందిస్తూ, మగపిల్లడికి మీ నాన్న పేరెడదామండీ అంటోంది, ఇందాకటి నుంచీ ఈ మనిషిలో తప్పు వెతికాడు, ఈ మనిషి ప్రాణం మీదికి తెచ్చిందెవరో వెతకలేదు, డాక్టరమ్మ మాటా దాచాడు, శిబిరం మాటా దాచాడు, అంతా పద్మని కాపాడుకోడానికే అని ఇన్నాళ్ళూ తనకి తను చెప్పుకున్నాడు, కాదు, ఒక్క పొట్లం విప్పడానికి, ఒక్క మాట పెళ్ళానికి చెప్పడానికి సిగ్గుపడ్డాడు, అతను కాపాడుకున్నది ఆ సిగ్గునే, పద్మని కాదు.