మామగారి రాహుకాలం

ఇందుమతి తన పనిబల్లను రైలు ప్లాట్‌ఫారం మీదికి ఎప్పుడు తెచ్చుకుందో ఆమెకే తెలియదు, కానీ బల్ల అక్కడే ఉంది, బల్ల మీద ఆకుపచ్చ రబ్బరు పట్టా, పట్టా మీద వెనకమూత తీసిన వాచీ, ఎదురుగా సిమెంటు బెంచీ మీద బాసింపట్టు వేసుకుని పదకొండేళ్ళ కిందట పోయిన మామగారు అనంతరామయ్యగారు. లాల్చీ చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఎడమ మణికట్టు మీద వాచీ ఉండవలసిన చోట చర్మం ఎండ తగలక పాలిపోయి ఉంది. ప్లాట్‌ఫారం చివరికి వెళ్ళేసరికి తెనాలిలో వాళ్ళ పాత ఇంటి వసారా అవుతోంది, పట్టాలు రెండూ పెరట్లోకి తిరిగి బట్టలారేసే తీగలై సాగుతున్నాయి, వాటి మీద తడిచీరలు వేలాడుతున్నాయి, అయినా ఒక్క చీరా చెదరకుండా బళ్ళు వస్తూనే ఉన్నాయి, పోతూనే ఉన్నాయి.

"ఏమ్మాయ్, రాహుకాలం వెళ్ళిందా?" అని అడుగుతారాయన.

బతికుండగా ఆయన ఎవర్నీ టైము అడిగి ఎరగరు. తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసిన మనిషి, ఇంట్లో రెండో గడియారం ఉండనిచ్చేవారు కాదు. రెండు గడియారాలున్న కొంపలో ఇద్దరు యజమానులుంటారనేవారు. పెళ్ళిలో ఇందుమతికి పుట్టింటివాళ్ళు పెట్టిన బుల్లి వాచీ, ఇంట్లో ఉండేదానికి ఎందుకని, మూడోనాడే బీరువాలోకి వెళ్ళింది. ఎసరు పెట్టాలన్నా, తలంటుకోవాలన్నా, పక్కింటికి వెళ్ళి రావాలన్నా ఆ మణికట్టు సెలవివ్వాల్సిందే. ఇప్పుడా మణికట్టు బోసిగా ఉంది. వాచీ ఇందుమతి ముందుంది, దానికి ముళ్ళు లేవు.

ముళ్ళు తీసింది ఆమే, ఇప్పుడామెకి ఆ పని వచ్చు. రెండేళ్ళ కిందట, మోకాళ్ళ నొప్పులతో గడప దాటలేక కూర్చున్న వానాకాలంలో, ఎవరో ఒకావిడ పాత వాచీకి కొత్త డయలు వేస్తుంటే ఫోన్లో చూసి, ఇది గారెలు వెయ్యడం కన్నా కష్టమేమీ కాదనుకుంది. ఆదివారం సంతలో పాడైపోయిన వాచీలు నాలుగు తెప్పించింది. మొదటిదాని డయలు మీద ఆమె బొటనవేలి ముద్ర శాశ్వతంగా పడింది. రెండోదాని సెకన్ల ముల్లు ఒక్క తుమ్ముకి ఎగిరి ఇప్పటికీ దొరకలేదు. మూడోదానిలో వెంట్రుక కన్నా సన్నటి స్ప్రింగు చిక్కుపడ్డ జడలా అయిపోయి, చెయ్యి వణక్కుండా పట్టకారు పట్టుకోవడానికి కాఫీ మానేసే దాకా వచ్చింది. నాలుగోది నడిచింది. ఇప్పుడు ఆమె గది గోడకి పద్నాలుగు వాచీలు, అన్నీ తనే విప్పి, తుడిచి, డయళ్ళు మార్చి బిగించినవి. పద్నాలుగుమంది యజమానులు.

"ఇంకా వెళ్ళలేదు మావయ్యగారూ," అంటుంది ఇందుమతి, తల ఎత్తకుండా.

ఒక బండి వచ్చి ఆగుతుంది. బెంచీల మీదివాళ్ళంతా లేచి ఎక్కుతారు, ఎవరూ ఎవర్నీ ఏమీ అడగరు. అనంతరామయ్యగారు సంచీ చంకన పెట్టుకుని సగం లేచి, ఆమె వంక చూసి, మళ్ళీ కూర్చుంటారు. బండి వెళ్ళిపోతుంది. ఇలా ఎన్ని వదిలేశారని ఆమె అడిగితే, లెక్క మరిచిపోయాననీ, మంచి ఘడియ చూసుకోకుండా అంత దూరం ఎలా బయల్దేరతాననీ ఆయన నెమ్మదిగా చెబుతారు. మణికట్టు వంక చూసుకుంటారు. చూసుకుని, చేతిని లాల్చీ కింద దాచుకుంటారు.

"మా అమ్మ ఇటు వచ్చిందా?" అని అడుగుతుంది ఇందుమతి.

"అప్పుడే వచ్చింది, అప్పుడే వెళ్ళింది. మొదటి బండే ఎక్కేసిందట. కదిలేదాకా గుమ్మంలో నిలబడే ఉందట, నువ్వొస్తావేమోనని."

ఇందుమతి చేతిలో పట్టకారు ఆగుతుంది. వసారా ప్లాట్‌ఫారాన్ని మెల్లగా మింగేస్తోంది, బెంచీ ఉయ్యాలబల్ల అవుతోంది, ఇప్పుడు అది మళ్ళీ ఆ మంగళవారమే. రేపల్లెలో అమ్మకి ఊపిరందడం లేదని కబురొచ్చింది. ఇందుమతి చీర కూడా మార్చుకోకుండా బయటికి వచ్చింది, ఆమె భర్త రఘుపతి సంచీ పట్టుకుని మెట్టు మీద నిలబడ్డాడు, రిక్షా వీధిలో ఉంది, మూడుంపావు బండి అందుతుంది. అప్పుడు మామగారు మణికట్టు ఎత్తి చూసి, మూడు దాటి మూడు నిమిషాలైందనీ, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలమనీ, అదసలే చావుబతుకుల ప్రయాణమనీ, ఆగమన్నారు. రఘుపతి ఒక్క మాట అనలేదు. సంచీ మెట్టు మీద పెట్టేశాడు. వాళ్ళు సాయంత్రం బండికి వెళ్ళేసరికి అమ్మ పోయింది. అమ్మ అయిదింటిదాకా, ఇందు వచ్చిందా, ఇందు వచ్చిందా, అని అడుగుతూనే ఉందని చెల్లెలు చెప్పింది.

ఆ గంటన్నరని ఆమె ఇన్నేళ్ళూ రాహువు ఖాతాలో వేసి ఊరుకుంది. మొన్న రఘుపతి బీరువాలోంచి నాన్నగారి వాచీ తీసి, దీనికి కొత్త డయలు వెయ్యి, నేను పెట్టుకుంటానన్నాడు. ఆమె వెనకమూత తీసింది. రిపేరుచేసేవాళ్ళ అలవాటు ప్రకారం మూత లోపల గీసిన గీతలున్నాయి: ఊళ్ళో వాచీలు బాగుచేసే మస్తాను గుర్తు, ఆ ఏటి ఆగస్టు తేదీ. అమ్మ పోవడానికి రెండు నెలల ముందు. లోపల వేగాన్ని సరిచేసే చిన్న మీట ఉంటుంది, మధ్యలో ఉండాల్సింది, అది ఫాస్టు వైపు ఇక జరగడానికి చోటు లేనంతగా జరిపి ఉంది. ఫోన్లో వాచీల వేగం కొలిచే యాప్ తెరిచి టిక్కుటిక్కు వినిపిస్తే రోజుకి మూడు నిమిషాలు ముందుకు పోతోందని చూపించింది. ఆయన బుధవారం పొద్దున రేడియో వార్తలకి టైము సరిచేసుకునేవారు, వారానికి ఒక్కసారే. బుధవారం నుంచి మంగళవారం మధ్యాహ్నానికి పంతొమ్మిది నిమిషాలు. ఆ రోజు ఆమె గుమ్మంలోకి వచ్చేసరికి అసలు టైము మూడు కాలేదు. రాహుకాలం రాలేదు. రిక్షా ఉంది, బండి ఉంది, అమ్మ ఉంది.

"మస్తాను అడగందే మీట ముట్టుకునే మనిషి కాదు," అంటుంది ఇందుమతి. "మీరే జరపమన్నారు."

"ఇంట్లో ఆడవాళ్ళు తెమలరని జరపమన్నానమ్మా. ఒక పావుగంట ముందుంటే అన్నీ వేళకవుతాయని."

"ఆ రోజు మీకు తెలుసా?"

ఉయ్యాలబల్ల గొలుసులు కిర్రుమంటాయి. పెరట్లో తీగల మీద ఇంకో బండి వచ్చి, తడిచీరల వెనక ఆగి, ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టు ఊరుకుంటుంది.

"నోట్లోంచి మాట వచ్చేశాక గుర్తొచ్చింది," అంటారాయన. "వాకిట్లో నలుగురున్నారు. రిక్షావాడున్నాడు, మావాడున్నాడు. నా వాచీ తప్పని నేనెలా చెప్పను?"

ఇందుమతికి ఏడుపు రాదు. నిప్పు తొక్కినట్టు అవ్వాల్సిన చోట కడుపులో చల్లగా, ఎండాకాలం కుండలో నీళ్ళు తాగినంత హాయిగా ఉంటుంది. ఇన్నాళ్ళకి దొరికాడు. నవగ్రహాలలో కాదు, లాల్చీ చేతులు మడుచుకుని, ఎదురుగా, మనిషి.

"ఆ మీట కాస్త మధ్యకి జరుపు తల్లీ," అంటారాయన, ఆమెను ఎన్నడూ పిలవని పిలుపుతో. "ముళ్ళు పెట్టి టైమెంతో చెప్పు. బండి ఉంది. నీకు పని వచ్చుగా ఇప్పుడు."

"వచ్చండీ."

ఆమె కంటికి భూతద్దం బిగించుకుంటుంది. పట్టకారు మీటని తాకుతుంది, దాని కొన వణకదు, ఇంత నిలకడగా ఆమె చెయ్యి ఎప్పుడూ లేదు. ఒక్క వెంట్రుకవాసి జరిపితే చాలు. జరపదు. మూత బిగించి, వాచీ తిప్పి, ముళ్ళు ఎత్తుతుంది. ముళ్ళు ఎప్పుడూ పన్నెండు మీద కలిపి పెట్టాలన్నది ఆమె నేర్చుకున్న మొదటి పాఠం. చిన్న ముల్లుని మూడు మీద పెట్టి నొక్కుతుంది, పెద్ద ముల్లుని పన్నెండు దాటించి మూడో గీత మీద పెట్టి నొక్కుతుంది. కీ ఇస్తుంది. పక్కగా తిప్పి ఆయనకు చూపిస్తుంది.

"మూడు దాటి మూడు నిమిషాలు. మంగళవారం. కూర్చోండి మావయ్యగారూ."

"అది తప్పమ్మా. నీకు తెలుసు అది తప్పని."

"వాకిట్లో నలుగురున్నారు కదండీ. నేనెలా చెప్పను?"

ఆయన బండి వంక చూస్తారు. ఎక్కడానికి ఎవరూ అడ్డం లేరు, నాలుగడుగులే, టికెట్టు అడిగేవాడు కూడా లేడు. కానీ డయలు చూసిన మనిషి లేవలేరు, ఆమెకు ఆ సంగతి తెలుసు, ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఆ డయలుకి భయపడింది ఆయనే. సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆయన కూర్చుంటారు, బండి కదులుతుంది, తడిచీరల వెనక దాని కిటికీలు ఒక్కొక్కటే వెళ్ళిపోతుంటాయి, వాచీలో పెద్ద ముల్లు గుండ్రంగా తిరిగి తిరిగి మళ్ళీ మూడో గీత మీదికే వస్తూ ఉంటుంది, ఆయన ప్రతిసారీ "వెళ్ళిందా ఇందూ" అంటున్నారు, ఆమె ప్రతిసారీ లేదంటోంది, గొంతు మెల్లగా మారుతోంది, ముసలితనం తగ్గి, దగ్గరై, వసారాలోంచి కాక గుమ్మంలోంచి,

"ఇందూ, వెళ్ళిందా?"

ఇందుమతి బల్ల మీద నుంచి తలెత్తింది. చెంప మీద రబ్బరు పట్టా గళ్ళు అచ్చుపడ్డాయి. సాయంత్రపు ఎండ గోడ మీద పద్నాలుగు అద్దాల్లో మెరుస్తోంది. మామగారి వాచీ వెనకమూత తీసి అలాగే ఉంది, ముళ్ళు మూతగిన్నెలో ఉన్నాయి, మీట ఫాస్టు వైపే ఉంది.

గుమ్మంలో రఘుపతి నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా, కాళ్ళకు చెప్పులు, చేతిలో సంచీ. గుంటూరులో స్నేహితుడి అరవయ్యో పుట్టినరోజుకి వెళ్తున్నాడు.

"నిద్రపోయావా? సెల్ ఛార్జింగులో ఉంది. మంగళవారం కదా, రాహుకాలం వెళ్ళాక కదులుదామని ఆగాను. టైమెంత?"

ఆమె గుమ్మంలోంచి కనబడని ఆ గోడ వంక చూసింది. పద్నాలుగు వాచీలూ ఒక్క నిమిషం తేడా లేకుండా అయిదుకి పావుగంట తక్కువ చూపిస్తున్నాయి.

"ఇంకా పంతొమ్మిది నిమిషాలుందండీ," అంది ఇందుమతి.

రఘుపతి ఒక్క మాట అనలేదు. సంచీ మెట్టు మీద పెట్టేశాడు.