పాత కంప్యూటర్ తుడవని మాటలు

కంట్రోల్ రూమ్‌లో పాత కంప్యూటర్ తీసేసే రోజున క్రేన్ డ్రైవర్ పన్నెండూ పదికి కిందికి దిగడం మొదలుపెట్టింది. క్యాబిన్ నుంచి నేల దాకా నూట తొంభై ఆరు మెట్లు. దిగడానికి ఆమెకు తొమ్మిది నిమిషాలు పడుతుంది. అన్నం డబ్బా కంట్రోల్ రూమ్‌లో ఉంటుంది. అక్కడ కూర్చునేది ఆమె వదిన.

రేవులో ఏ కంటైనర్‌ను ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు ఆపాలో చెప్పేది వదినే. చెప్పడానికి రెండు దారులున్నాయి. ఒకటి వాకీటాకీ. అందులో దగ్గినా రేవంతా వింటుంది. రెండోది మెసేజీలు. క్యాబిన్‌లో ట్యాబ్లెట్ ఉంది, కంట్రోల్ రూమ్‌లో కంప్యూటర్ ఉంది. ఆ మాటలు ఇద్దరి మధ్యే ఉంటాయి.

ఆమె వెళ్లేసరికి వదిన లేదు. కొత్త కంప్యూటర్ కాగితాల మీద సంతకం కోసం స్టోర్స్‌కు వెళ్లిందట. కంప్యూటర్ మెకానిక్ బల్ల కింద కూర్చుని వైర్లు విప్పుతున్నాడు.

"పదమూడేళ్ల మిషనండీ. మ్యూజియం వాళ్లకిచ్చినా తీసుకోరు," అన్నాడు.

"పని చేస్తోంది కదా?"

"ఏం పని? మీ ట్యాబ్లెట్‌లో మెసేజీల యాప్ కొత్తది. ఇందులో ఉన్నది ఎప్పుడో ఆగిపోయిన వెర్షన్. మీరు వాయిస్ పంపితే 'చూపలేము' అంటుంది. నవ్వే బొమ్మ పంపితే గళ్ల డబ్బా చూపిస్తుంది."

ఆమె నవ్వింది. వదిన ఎన్నోసార్లు అన్న మాటే అది. రోజంతా డబ్బాలు దింపుతావు, చాలక నాకూ డబ్బాలే పంపుతావా అని.

మెకానిక్ బల్ల కింద నుంచే చెప్పుకుపోయాడు. "అవతలివాళ్లు టైపు చేస్తున్నారని చూపదు. చదివారో లేదో చెప్పదు. మీరక్కడ తుడిచేసినా ఇక్కడ తుడవదు."

"తుడవదంటే?"

"మీరు పంపి, వెనక్కి తీసేసుకున్నారనుకోండి. మీ దగ్గర పోతుంది. దీనికి ఆ సంగతి తెలీదు. వచ్చింది వచ్చినట్టే ఉంచేసుకుంటుంది."

ఆమె డబ్బా మూత తీయలేదు. వదిన కుర్చీలో కూర్చుని మౌస్ పట్టుకుంది.

ఎనిమిది నెలల కింద ఆమె ఎత్తిన ఒక కంటైనర్ గాలికి ఊగింది. రేవు అంచున నిలబడ్డ కూలీకి మూరెడు దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. విచారణ జరిగింది. తప్పు గాలిదని రాశారు. ఆ తరవాత రోజుల్లో కొన్నిసార్లు, ముందుగా ఏ సూచనా లేకుండా, క్యాబిన్‌లో ఆమె చేతులు వణికేవి. అప్పుడు ట్యాబ్లెట్ తీసి వదినకు ఒక ముక్క రాసి పంపేది. పంపాక ఊపిరి ఆడేది. ఊపిరి ఆడాక సిగ్గేసేది. తుడిచేసేది. వదిన ఎన్నడూ అడగలేదు కాబట్టి చూడలేదనే అనుకుంది.

అన్నీ ఉన్నాయి.

"చేతులు వణుకుతున్నాయి." ఉదయం పదీ నలభై రెండు. దాని కింద, పదీ నలభై మూడుకు, వదిన మెసేజీ: "ఆగు. లారీ రాలేదు. పది నిమిషాలు."

"కిందికి చూడలేకపోతున్నాను." నాలుగూ అయిదు. "ఆగు. కొక్కెం తనిఖీ ఉంది." నాలుగూ ఆరు.

"ఆ కూలీయే కనిపిస్తున్నాడు." తొమ్మిదీ ఇరవై. "ఆగు. కాగితాలు తేలలేదు." తొమ్మిదీ ఇరవై.

పదిహేడున్నాయి. ఆ పదిహేడు ఆటంకాలూ ఆమెకు గుర్తున్నాయి. లారీ రాలేదన్నప్పుడల్లా తన అదృష్టం బాగుందనుకుంది. ఒకసారైతే లారీ కిందే ఉంది. కాగితాల గొడవేమోననుకుని కళ్లు మూసుకుని వెనక్కి వాలింది.

బల్ల మీద వదిన రిజిస్టరు ఉంది. లిఫ్ట్, అంటే క్రేన్ సరుకు ఎత్తడం, ఆగిన ప్రతిసారీ వేళ, కారణం రాయాలి. ఆమె ఆ తేదీలు వెతికింది. లారీ లేదు, కొక్కెం లేదు, కాగితాలు లేవు. పదిహేడు చోట్లా ఒకే మాట: "కంట్రోల్ ఆపింది." పక్కన వదిన సంతకం. రేవు నియమాల ప్రకారం కంట్రోల్ ఏ లిఫ్ట్‌నైనా ఆపవచ్చు. ఎందుకని అప్పుడే చెప్పనక్కర్లేదు. తరవాత చెప్పుకోవాలి. రిజిస్టరు వెనక అట్టలో రెండు మెమోలు మడిచి ఉన్నాయి, జాప్యానికి సంజాయిషీ అడుగుతూ.

ఆమె మెమోలను మళ్లీ అదే మడతలో పెట్టింది. కిటికీలోంచి క్రేన్ కనిపిస్తోంది. ఇక్కడ నుంచి చూస్తే క్యాబిన్ అగ్గిపెట్టెంత ఉంది. అందులో ఉన్న మనిషి కనిపించే వీలే లేదు. ఆ అగ్గిపెట్టెలో తన చేతుల సంగతి ఈ కుర్చీకి నిమిషంలో తెలిసింది, పదిహేడు సార్లు.

తలుపు తెరుచుకుంది.

"ఏంటి, మా అర్ధమొగుడు నా కుర్చీలో కూర్చుంది? ఇంట్లో పెత్తనం చాల్లేదా?" అంది వదిన. ఆడపడుచును అర్ధమొగుడంటారని, పెళ్లయిన మొదటి వారం నుంచీ ఆమెను అలాగే పిలుస్తుంది.

"వదినా, ఇవన్నీ చదివావా?"

"నాకు పంపినవి నేను కాక మీ అన్న చదువుతాడా?"

"తుడిచేశాను. ప్రతిసారీ తుడిచేశాను."

వదిన కాగితాలు బల్ల మీద పెట్టింది. స్క్రీన్ వంక, ఆమె వంక చూసింది. "తుడిచేశావా? ఇక్కడున్నాయి కదే."

"అది తుడవలేదండీ, పాతది," అన్నాడు మెకానిక్.

"మరి ఒక్కసారీ అడగలేదేం?" అంది ఆమె.

"అడిగేదేముంది? నువ్వు చెప్పావు, నేను ఆపాను. ఇంటికొచ్చాక నువ్వు ఆ ఊసెత్తవు. నేనెత్తితే బాధపడతావేమోనని ఊరుకున్నాను." వదిన ఇంకో కుర్చీ లాక్కుని కూర్చుంది. "మా ఆడపడుచు కన్నతల్లికి చెప్పనివి నాకు చెప్తోందని గొప్పగా ఉండేది. చూడు మరి. నువ్వు నాకేం చెప్పనే లేదన్నమాట."

ఆమె చూపు రిజిస్టరు అట్ట మీదికి వెళ్లింది. ఎనిమిది నెలలుగా తనొక మాట ఆడుతోందనీ, ఇంకొకరు దానికి బదులిస్తున్నారనీ తనకే తెలియదు.

"మెమోల సంగతి చెప్పలేదే?"

"చెప్తే రాయడం మానేస్తావు."

మెకానిక్ లేచి మోకాళ్లు దులుపుకున్నాడు. "పాతవి కొత్తదాంట్లోకి ఎక్కిస్తానండీ. కాకపోతే తుడిచినవి రావు."

"పోనీ బాబూ," అంది వదిన. "నేను చదివేశాగా."

అతను ప్లగ్ పీకాడు. స్క్రీన్ నల్లబడింది. వదిన అన్నం డబ్బా మూత తీసి ఆమె ముందుకు జరిపింది.

"చూడు. ఇక నుంచి నువ్వు తుడిస్తే నాకు తెలీదు. పైన నీ చేతులు వణుకుతుంటే ఇక్కడ నేను ఎత్తమంటాను. కింద మనుషులుంటారు."

"తెలుసు."

"తెలిస్తే చాలదు. సోమవారం డాక్టర్ దగ్గరికి ఇద్దరం వెళ్దాం. రెండున్నరకు ట్రాన్స్‌ఫార్మర్ లిఫ్ట్ ఉంది, అరవై టన్నులు. అన్నం తిని ఎక్కు. ఎక్కలేనంటే ఇప్పుడే చెప్పు, ఇంకో డ్రైవర్‌ను పిలుస్తాను. నామర్దా ఏం లేదు."

ఆమె కాసేపు తన చేతుల వంక చూసుకుంది. అవి కదలకుండా ఉన్నాయి. "ఎక్కుతాను," అంది.

రెండూ ఇరవై అయిదుకు క్యాబిన్‌లో ఉంది. కింద లారీ మీద ట్రాన్స్‌ఫార్మర్. దాని నాలుగు మూలలా గొలుసులు బిగించి కూలీలు పక్కకు వచ్చారు. ఒకడు తలెత్తి పైకి చూశాడు. అతను ఆ కూలీ కాదు. అయినా ఆమె వేళ్లు మీటల మీద కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

ట్యాబ్లెట్ తీసుకుంది. "చేతులు వణుకుతున్నాయి" అని రాసి పంపింది.

ఇంతకు ముందెప్పుడూ కనిపించనిది మెసేజీ కింద కనిపించింది: చదివారు. ఆమె వేలు అలవాటు కొద్దీ ఆ మాట మీదికి వెళ్లి నొక్కి పట్టింది. 'అందరి దగ్గరా తొలగించాలా?' అని ట్యాబ్లెట్ అడిగింది. ఆమె 'వద్దు' నొక్కింది.

స్క్రీన్ అడుగున 'టైపు చేస్తున్నారు' అని వచ్చింది. ఆగింది. మళ్లీ వచ్చింది. నలభై రెండు మీటర్ల కింద, ఆ గదిలో, వదిన వేళ్లు కదులుతున్నాయి. ఆమె ఆ అక్షరాలనే చూస్తూ కూర్చుంది.

"ఆగు. లారీ రాలేదు. పది నిమిషాలు."

కొక్కెం కింద లారీ నిలబడి ఉంది. డ్రైవర్ తలుపు తెరిచి, మెట్టు మీద నిలబడి, ఇంకా ఎత్తరేమని పైకి చూస్తున్నాడు.

"సరే వదినా. వచ్చాక చెప్పు," అని రాసి, ఆమె మీటల మీద నుంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.