స్నోబోర్డుకు కాడెడ్లు

బోధన్ దగ్గర వర్ని పక్క పల్లె సాయన్న మంచు మీద జారడంలో దేశానికే రెండుసార్లు మొదటివాడు. పటాలంలో చేరిన కొత్తలో గుల్‌మార్గ్‌లో స్నోబోర్డు అనే జారుడు పలక ఎక్కిస్తే, అడ్డంగా నిలబడి, మోకాళ్లు వంచి, మొదటిసారే కొండ దిగివచ్చాడు. ఊళ్లో మాత్రం ఆ ఘనత ఎవరి బుర్రకూ ఎక్కలేదు.

"జారితే బంగారు పతకమిస్తరా? మా మామ దినాం కల్లు దుకాణం కాడ జారుతడు. గాయినకేమిస్తరు?" అని బోధన్‌కు చెరుకుబండి తోలే ఎర్రన్న అడిగాడు.

పోయిన చలికాలం మూడో పతకానికి పోయి కుడికాలు విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతికింది, పోటీకి పనికొస్తాడని డాక్టరు చీటీ కూడా రాసిచ్చాడు. ఇక పది రోజుల్లో గుల్‌మార్గ్‌లో పరీక్ష. నిలిస్తే జట్టులో ఉంటాడు, లేకుంటే పటాలం స్టోరులో కంబళ్లు మడతపెట్టే పని. చిక్కు కాలులో లేదు. బోర్డును చూస్తేనే అతనికి చెమటలు పడుతున్నాయి. సెలవుకొచ్చిన నాటినుంచి దాన్ని మూలకు నిలబెట్టి, కాలు సలుపుతున్నదని కుంటుతూ తిరుగుతున్నాడు. ఏ కాలు కుంటాలో ఒక్కోసారి మరిచిపోతున్నాడు కూడా.

ఆ మరుపు తల్లి హన్మవ్వ కంటబడింది.

నిజాంసాగర్ కాలువకు నీళ్లు వదిలారు. యాసంగి వరినాట్లు ముంచుకొచ్చాయి. నాటుకు ముందు ఎడ్లతో లాగించి మడి చదును చేసే జంబు పలకను చెదలు సగం తినేశాయి. తెల్లారి పొలానికి వచ్చిన సాయన్న గట్టు మీదే కొయ్యబారాడు. కాడెడ్ల వెనక తన స్నోబోర్డు! పాదాలు బిగించే పట్టీలు ఊడబీకి, ఆ స్క్రూల బొక్కల్లోంచి తాడు దూర్చి ఉంది.

"అవ్వా! గదేంది?"

"జంబు" అంది పగ్గాలు పట్టుకున్న హన్మవ్వ. "గింత మంచి పలక మూలకు పడుంటే నా పానం ఒప్పలే. ఎక్కు, బరువు గావాలె."

"నా కాలు..."

"ఏ కాలు?"

సాయన్న ఎడమకాలు పట్టుకున్నాడు.

"జరుగు, నేనే ఎక్కుత" అంటూ అరవయ్యేళ్ల హన్మవ్వ చీర ఎగదోపుకుంది. ఇక తప్పలేదు. కళ్లు మూసుకుని సాయన్న బోర్డెక్కాడు, పగ్గాలు అందుకున్నాడు.

జంబు అన్నది మట్టిని పట్టి ఈడ్చాలి. ఈ బోర్డు అడుగున మంచు మీద జారేందుకు మైనం పూసి ఉంది. ఎడ్లు అలవాటు కొద్దీ బలమంతా పెట్టి లాగాయి. వెనక బరువే తెలియకపోయేసరికి వాటికి హుషారొచ్చి లగెత్తాయి. బోర్డు ఒక మడి దాటింది. గట్టు తగిలి సాయన్న గాల్లోకి లేచాడు, రెండో మడిలో నిలబడే దిగాడు. మోకాళ్లు వాటంతటవే వంగాయి. పదేళ్ల వయసులో తండ్రి తోలే జంబు మీద నేర్చిన నిలుపు అది, గుల్‌మార్గ్‌లో ఎవరూ కొత్తగా నేర్పింది కాదు.

రోడ్డు మీద చెరుకుబండ్లు ఆగిపోయాయి. ఎర్రన్న చెరుకు మోపుల మీదికెక్కి, "ఒంగు, సాయన్నా! గట్టొచ్చె, ఒంగు!" అని అరుస్తున్నాడు.

మూడో గట్టు దగ్గర సాయన్న బురదలో బోర్లా పడ్డాడు.

"ఎడ్లకేం గాలేదు గదరా?" అంది హన్మవ్వ.

సాయన్న లేచాడు. కుడికాలు తడుముకున్నాడు, ఎడమకాలు తడుముకున్నాడు. ఏడాదిగా ఏ పడటానికి భయపడి చస్తున్నాడో ఆ పడటం అయిపోయింది. పళ్లనిండా బురదతో పకపకా నవ్వాడు.

"అవ్వా, ఎడ్లను మళ్లొకసారి మలుపు!"

"ఇగ చాలు తియ్! ఒక్క గడ్డన్న అణగలే. దేనికీ పనికిరాని పలక, తీస్కపో నీ గుల్‌మార్గుకు."

"పతకమెందుకిస్తరో గిప్పుడు సమజైంది" అన్నాడు ఎర్రన్న బండి దిగుతూ. "మా మామ పడ్డంక లేవడు."

"అవ్వా, మరి దీని పట్టీలేవి?"

"బర్రె మెడకు కట్టిన. పోయి ఇప్పుకో."

సాయన్న కొట్టం వైపు ఉరికాడు, కుంటాలన్న సంగతే మరిచిపోయి.