తల్లి వైపు గడులు

బిడ్డను బట్టలిప్పి తూచాలి. బొడ్డు ఎండిందో, చీము పట్టిందో చూడాలి. కళ్లు పచ్చబడ్డాయేమో కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూడాలి. ఎన్నిసార్లు పాలు తాగిందో, ఎన్ని గుడ్డలు తడిపిందో అడగాలి. తల్లి నోట్లో థర్మామీటరు పెట్టి, ఆలోగా చేతికి పట్టీ చుట్టి బి.పి. చూడాలి. కుట్లు చూడాలి. పొట్ట నొక్కి గర్భసంచి ఎంత దిగిందో చూడాలి. రక్తం ఎంత పోతోందని అడిగి ఊరుకోకూడదు, గుడ్డ తెప్పించి చూడాలి. రొమ్ములు గడ్డకట్టాయేమో చూడాలి. మాత్రలు మింగుతోందా, తలగడ కింద దాస్తోందా కనుక్కోవాలి. కాగితంలో చివరి గడిలో, తల్లి ఎలా ఉందో ఆమెనే అడిగి, ఆమె చెప్పింది రాయాలి.

ఇదంతా పన్నెండు నిమిషాల్లో అయిపోవాలి. మెట్లెక్కే సమయం కూడా అందులోదే.

ఈ పనిని తూకం అక్క ఇరవై రెండేళ్లుగా చేస్తోంది. బిడ్డల్ని తూచే కొక్కెం, గుడ్డ ఉయ్యాల సంచిలో వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది కాబట్టి పేటలో అందరికీ ఆమె తూకం అక్కే. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన బాలింతలను చూసే నర్సులు ఆమెతో కలిపి ముప్పై ఇద్దరు. పూర్వం ఒక్కొక్కరికి రోజుకు ఆరు ఇళ్లు. రెండేళ్ల కిందట ఆ పని కాంట్రాక్టరు చేతికి పోయింది. ఆరు కాస్తా పద్నాలుగయ్యాయి. గుమ్మంలో అడుగు పెట్టగానే ఫోనులో నిమిషాలు మొదలవుతాయి. పన్నెండు దాటితే సూపర్‌వైజరు ఫోను చేస్తాడు. నర్సులు అతనికి అలారం అని పేరు పెట్టుకున్నారు. "ఇంకా అక్కడేనా అక్కా? కాపురం పెట్టేశావా ఏంటి?" అని నవ్వుతూనే అడుగుతాడు. అలా మూడుసార్లు నవ్వాడంటే నాలుగోసారి ఉద్యోగం ఉండదు.

మోకాళ్లు ఒప్పుకోవు. పద్నాలుగిళ్లు తిరగాలి. అందుకని నర్సులు ఒక దారి కనిపెట్టారు. కాగితానికి రెండు వైపులు. ఒక వైపు బిడ్డ గడులు, రెండో వైపు తల్లి గడులు. బిడ్డ వైపు ఎవరూ ముందే నింపరు. బిడ్డ బరువు అబద్ధం రాస్తే తర్వాత తూచినప్పుడు బయటపడుతుంది. తల్లి వైపు అలా కాదు. ఎవరిని అడిగినా "బాగానే ఉన్నానక్కా" అనే అంటారు. కాబట్టి పొద్దున్నే బస్సు కోసం నిలబడి, ఒకరి వీపు మీద ఒకరు కాగితాలు పెట్టుకుని తల్లి వైపు నింపేసేవారు. జ్వరం లేదు. రక్తంలో చెడు వాసన లేదు. తల్లి బాగుంది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు.

ఆ రోజు ఐదో ఇల్లు మూడో అంతస్తులో. తొలిచూలు పిల్ల, కానుపై ఐదో రోజు. మొగుడు గోదాములో మూటలు మోయడానికి పోయాడు, అత్త కింద కుళాయి దగ్గర ఉంది. బిడ్డ బరువు పెరిగింది. తూకం అక్కకు సంతోషమేసింది, ఆ మాట పైకి అంది కూడా. పిల్ల గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. గది ఉక్కపోస్తోంది, అయినా ఆమె భుజాల మీద దుప్పటి. తూకం అక్క ఆ దుప్పటి చూసింది. చూశాననే తర్వాత అందరికీ చెప్పింది.

"అక్కా, కాసేపు కూర్చోకూడదూ?" అంది పిల్ల.

సంచిలో ఫోను కొట్టుకుంటోంది. ఇంకా తొమ్మిదిళ్లు.

"ఎల్లుండి వస్తాగా తల్లీ. అప్పుడు కూర్చుంటా," అని తూకం అక్క మెట్లు దిగిపోయింది.

ఎల్లుండి వెళ్లేసరికి గదికి తాళం వేసి ఉంది. పిల్లను ముందురోజే ఆసుపత్రికి మోసుకుపోయారట. బాలింత జ్వరం ఒళ్లంతా పాకిపోయింది. మూడో రోజు పొద్దున పోయింది. తూకం అక్క రాసిచ్చిన కాగితంలో మాత్రం తల్లి బాగుంది.

అలారం ఈసారి నవ్వలేదు. టేబుల్ మీద ఒక కాగితం పెట్టాడు. నా సొంత నిర్లక్ష్యం వల్లే ఇది జరిగింది, కంపెనీకి సంబంధం లేదు, అని అందులో ఉంది. సంతకం పెడితే ఉద్యోగం పోవడంతో సరిపోతుందట. లేకపోతే విచారణ, ఆపైన పోలీసు కేసు. సోమవారం ఆరోగ్య శాఖ అధికారి వస్తాడు, ఈలోగా ఆలోచించుకోమన్నాడు. తూకం అక్క ఆలోచించేదేమీ లేదనుకుంది. అలసిపోయింది. తప్పు తనదే. సంతకం పెట్టి, ఇంటికి పోయి పడుకుంటే చాలనిపించింది.

అయితే ముందు ఆ ఇంటికి వెళ్లాలనుకుంది. వెళ్లింది. అత్త తలుపు తీసి, మొహం చూసి, పక్కకు జరిగింది.

"నిన్ను తిట్టే ఓపిక కూడా లేదు నాకు," అంది. "బిడ్డను తూచు."

తూచింది. బరువు తగ్గింది. డబ్బా పాలు ఎలా కలపాలో చూపించింది. ఆ తర్వాత నేల మీద కూర్చుని ఉన్నదంతా చెప్పేసింది. జ్వరం చూడలేదమ్మా, పొద్దున్నే బస్టాపులో రాసేశానని. ఎందుకని అత్త అడిగితే, ఇంకా తొమ్మిదిళ్లున్నాయని.

 అత్త ఒళ్లో బిడ్డను సర్దుకుంది.

"పోనీ, ఆ తొమ్మిదిళ్లలో తల్లుల్నైనా చూశావా?"

 చూడలేదు. ఆ రోజు ఎవరినీ చూడలేదు. తను సంతకం పెట్టి పడుకుంటే, ఆ ఇళ్లకు ఇంకొకరు అదే కాగితం పట్టుకుని వెళ్తారు. మెట్లు దిగుతుంటే ఆ ప్రశ్నే మోకాళ్లలో సలిపింది.

మర్నాడు పొద్దున టీకా మందుల గదిలో, ఐసు పెట్టెల మధ్య, ముప్పై ఇద్దరూ కలిశారు. తూకం అక్క జరిగింది చెప్పింది. ఒకరు కళ్లు తుడుచుకున్నారు. ఒకరు, దుప్పటి చూసి కూడా ఎలా వచ్చేశావని నిలదీశారు. సమ్మె చేద్దామని కొందరు, చేస్తే బిడ్డల్నెవరు చూస్తారని కొందరు గొడవపడ్డారు. తప్పు చేసినవాళ్లు అనుభవించాలి, మాకు పిల్లలున్నారని ఒకామె గట్టిగా అంది. అదీ నిజమే. ఎవరూ కాదనలేదు.

అప్పుడు ఉద్యోగంలో చేరి మూడు నెలలైన కొత్తమ్మాయి సంచిలోంచి ఆ రోజు కాగితాలు తీసి ఐసు పెట్టె మీద పరిచింది. ఇంకా ఏడున్నర కాలేదు. పద్నాలుగిళ్లలో తల్లులంతా అప్పటికే బాగున్నారు.

 ఒక్కొక్కరూ తమ కాగితాలు తీశారు. గట్టిగా మాట్లాడినామె అందరికంటే చివర తీసింది.

"మీరెందుకే ఇందులోకి? నా తప్పు నాది," అంది తూకం అక్క.

నోటి దురుసుకు పేరుపడ్డ నర్సు ఒకామె ఉంది, మిరప వదిన అంటారు. "నీ తప్పు నీదే, ఎవరు కాదన్నారు? మా తప్పు మాది. మరి ఆ పన్నెండు నిమిషాలు ఎవరివి? నీ పుట్టింటివా?" అంది.

చాలా రోజుల తర్వాత ఆ గదిలో కొందరు నవ్వారు. ఆ నవ్వులోనే నిర్ణయమైపోయింది.

సోమవారం విచారణ గదిలో అధికారి, కాంట్రాక్టరు, అలారం కూర్చున్నారు. తూకం అక్క ఒక్కతే వస్తుందనుకున్నారు. ముప్పై ఇద్దరూ వచ్చారు. వెనక బిడ్డను ఎత్తుకుని అత్త వచ్చింది. ఆమె వెనక, బిడ్డల్ని చంకనేసుకుని పేట తల్లులు మెట్ల దాకా నిండిపోయారు. ఇదేం సంతా అని కాంట్రాక్టరు విసుక్కున్నాడు. సంబంధం లేనివాళ్లు బయటికి పోవాలని అధికారి అన్నాడు. ఎవరూ కదల్లేదు.

సంతకం పెడుతున్నావా లేదా అని అలారం అడిగాడు.

తూకం అక్క వెనక్కి తిరిగి చూసింది. నర్సులు వరసగా నిలబడ్డారు, ఒకరి వెనక ఒకరు, బస్టాపులో నిలబడినట్టే. ముందున్నామె వీపు మీద కాగితాలు పెట్టుకుని, మర్నాటి తేదీ వేసి, తల్లి వైపు గడులు నింపడం మొదలుపెట్టారు.  పన్నెండు నిమిషాలు కూడా పట్టలేదు. తర్వాత ఒక్కొక్కరే వచ్చి అధికారి ముందు పేర్చారు.

"రేపు మేం చూడబోయే తల్లులండీ," అంది మిరప వదిన. "నాలుగు వందల పైచిలుకు. అందరూ బాగున్నారు. మీరూ ఒక ముద్ర వేస్తే పనైపోతుంది."

అధికారి పై కాగితం చూశాడు. కింది కాగితం చూశాడు. మెట్ల మీద నుంచి ఒక తల్లి, నాకు ఇంతవరకూ ఎవరూ జ్వరం చూడలేదని అరిచింది. నాకూ అని ఇంకొకామె. అత్త ముందుకొచ్చి బిడ్డను ఆ కాగితాల పక్కన టేబుల్ మీద పడుకోబెట్టింది.

"దీని తల్లి కూడా బాగుందనే రాశారు," అంది, అంతే.

తప్పుడు రికార్డులు రాసినందుకు తూకం అక్కను, గుంపును రెచ్చగొట్టినందుకు మిరప వదినను మధ్యాహ్నానికల్లా పోలీసులు తీసుకుపోయారు. బండెక్కుతూ తూకం అక్క తన సంచి కొత్తమ్మాయి భుజానికి తగిలించింది. పట్టీ కాస్త బిగించుకో, లేకపోతే మెడ లాగేస్తుందని చెప్పింది.

మిగతా ముప్పైమందీ ఫోన్లను అలారం టేబుల్ మీద వదిలేసి పేటలోకి నడిచారు. ఆ పూట ఒక్కొక్కరూ మూడేసి ఇళ్లే చూశారు. ప్రతి ఇంట్లో కూర్చున్నారు. మూడో ఇంట్లో కొత్తమ్మాయి అడిగితే ఆ తల్లి బాగానే ఉన్నానంది. కొత్తమ్మాయి లేవలేదు. బిడ్డను ఒళ్లోకి తీసుకుని మళ్లీ అడిగింది. కాసేపటికి ఆ తల్లి లేచి, తలుపు దగ్గరికి వేసి వచ్చి చెప్పడం మొదలుపెట్టింది. ఫోన్లు టేబుల్ మీద ఒకదాని తర్వాత ఒకటి మోగుతూనే ఉన్నాయట.

కేసు ఇంకా నడుస్తోంది. పద్నాలుగు ఇంకా ఆరు కాలేదు. ఫోన్లు తిరిగి తీసుకోకపోతే కొత్తవాళ్లను పెట్టుకుంటామని గోడకు నోటీసు అంటించారు. పొద్దున్నే బస్టాపులో ముప్పైమందీ ఖాళీ కాగితాలతోనే నిలబడుతున్నారు. ఎన్నాళ్లు నిలబడగలరో తెలియదు. బాగా అలసిపోయి ఉన్నారు.

చదివేవాళ్లను అడిగేది ఒక్కటే. ఉక్కపోతలో దుప్పటి కప్పుకుని, కాసేపు కూర్చోమని అడిగిన ఆ పిల్లను గుర్తుపెట్టుకోండి.