ఫ్లోరెన్స్ చదివిన వాక్యం

ఫ్లోరెన్స్ జ్వరంతో పలాస ఆసుపత్రిలో పోయిన రోజుకి, హైదరాబాదులో ఆమె చదువుతున్న స్పానిషు బి.ఏ.లో ఆఖరి పరీక్షలే మిగిలాయి.

ఏడాది తిరిగాక పూండి సమాధుల దొడ్లో ఆమెకు రాయి నిలబెట్టారు. రాతి మీద బైబిలు వాక్యం ఒకటి చెక్కించడం వాళ్ల సంఘంలో ఆనవాయితీ.

"దాని బాసలోనే ఎయ్యించండి. సెలవులకొచ్చినప్పుడు రోజూ సదివీది కదా, ఆ వాక్యమే," అంది తల్లి నయోమి.

తండ్రి నతానియేల్ మాస్టారు పిల్ల పుస్తకాల్లోంచి ఆమె బైబిలు బయటికి తీశాడు. అప్పట్లో సాయంత్రం ఇంటి ప్రార్థనలో కూతురు ఆ స్పానిషు బైబిలు తెరిచి చదవబోతే, ఆయనే అడ్డుపడేవాడు.

"దేవుడికి తెలుగు రాదేటమ్మా? తెలుగులో సదువు."

పిల్ల నవ్వేసి పుస్తకం మూసేది. మర్నాడు మళ్లీ అదే వాక్యం మొదలుపెట్టేది.

"ఏ వాక్యమే అది?" అని ఇప్పుడు భార్యను అడిగాడు.

"నాకేటి తెలుసు? సదూకున్నోరు మీరు. బతికుండగా ఒక్కపాలైనా అడిగేరా?"

ఆ బైబిలంతా తిరగేశాడు. ఏ వాక్యం పక్కనా గీతో గుర్తో లేదు. పాస్టరుగారు తెలుగు వాక్యం ఒకటి చూపిస్తే నయోమి వద్దంది.

రాతి మీద పేరూ తేదీలూ చెక్కారు. వాక్యం ఇంకా చెక్కించలేదు.