పనికిరాని కాల్స్

అన్నయ్య కనబడకుండా పోయి ఆరు రోజులైంది. ఆ ఆరు రోజుల్లో చెల్లెలికి ఒక్కసారీ ఏడుపు రాలేదు. వదినేమో ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకుంది. చెల్లెలు మాత్రం వేళకు తింది, వేళకు పడుకుంది, ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టింది. పళ్ల డాక్టరు సూది వేశాక బుగ్గ ఎలా ఉంటుందో ఆమెకు ఒళ్లంతా అలా ఉంది. గుండె ధైర్యం అన్నారు చుట్టాలు. చుట్టాలకేం, ఏదో ఒకటి అనాలి కదా.

ఆమె చేసే పనేమిటో ఇంట్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. దర్యాప్తు చేసేవాళ్లు వాడే సాఫ్ట్‌వేరుకు ఆమె డిజైనరు. ఎవరు ఎవరికి ఫోన్ చేశారో చెప్పే పెద్ద పట్టికను అందులో పోస్తే, చుక్కలూ గీతలుగా తెర మీద పరుచుకుంటుంది. మనిషికో చుక్క, మాటకో గీత. ఏది ముందు కనబడాలి, ఏది లోపల దాగాలి, ఏ బటన్ మీద ఏం రాయాలి, అన్నీ ఆమె తేల్చాల్సినవే. అన్నయ్య ఆమెను గీతలమ్మ అనేవాడు. "మా గీతలమ్మ గీత గీసిందంటే దొంగ దొరకాల్సిందే" అని, తనతోపాటు లిఫ్టులు బాగుచేసేవాళ్ల దగ్గర తెగ కోసేవాడు.

లిఫ్టు జారి తోటి మెకానిక్ నడుం విరిగిన రోజు నుంచి ఆ కోతలు ఆగిపోయాయి. తప్పు అన్నయ్యది కాదని విచారణలో తేల్చారు. ఆయనకు మాత్రం తేలలేదు. రోజూ చెల్లెలికి ఫోన్ చేసి, ఆ లిఫ్టు బోల్టు తాను బిగించాడా లేదా అని మొదటి నుంచీ చెప్పుకొచ్చేవాడు. ఆమె కొన్నాళ్లు ఓపిగ్గా వింది. తర్వాత ఊ కొట్టింది. ఆ తర్వాత ఎత్తడం మానేసింది.

కనబడకుండా పోయిన రోజు తొమ్మిదిసార్లు చేశాడు. ఆమె పనిలో ఉండి ఫోన్ బోర్లా పెట్టేసింది. మర్నాడు వదిన "నీకేమైనా ఫోన్ చేశాడా?" అని అడిగితే "లేదు వదినా" అనేసింది. నోరు జారిన ఆ మాట ఇక వెనక్కి రాలేదు. పోలీసులూ అదే రాసుకున్నారు. కాల్ డేటా రానీ, తాను నోరు విప్పకపోయినా తన సాఫ్ట్‌వేరే చెబుతుందిలే అనుకుంది. పిరికితనమే, కాకపోతే కాస్త చదువుకున్న పిరికితనం.

ఆరో రోజు మధ్యాహ్నం డేటా వచ్చింది. పోలీసుల దగ్గర కాల్ డేటా చూసే విశ్లేషకుడు ఆమెనూ వదిననూ పిలిపించాడు. ఎప్పుడూ కళ్లద్దాలు నుదుటి మీదే పెట్టుకుని తిరిగే మనిషి. రెండేళ్ల కింద ఆమె ఈ సాఫ్ట్‌వేరును వాడించి చూసినప్పుడు, "ఇదేం సాలెగూడు మేడమ్, నేనేమన్నా ఈగనా?" అని కసిరినవాడు ఇతనే.

చిన్న గది, మూడు కుర్చీలు, నీళ్లు కారే ఏసీ. తెర మధ్యలో అన్నయ్య చుక్క. దాన్నుంచి నాలుగే గీతలు: వదినకు, సూపర్‌వైజరుకు, మందుల షాపుకు, ఒక టైర్ల కొట్టుకు.

"ఆ రోజు చివరి మాట పన్నెండుంబావుకి, టైర్ల కొట్టుతో," అన్నాడు విశ్లేషకుడు. "కొట్టాయన మొదట్లోనే చెప్పాడు కాబట్టి ఊరికి ఆ చివర, కొట్టు చుట్టుపక్కలే వెతికిస్తున్నాం. డేటా కూడా అదే అంటోంది."

చెల్లెలు తెర అంతా వెతికింది. తన చుక్క లేదు. ఎందుకు లేదో వెంటనే తట్టింది. ఎత్తని కాల్స్‌తో పటం నిండిపోతోందని విశ్లేషకులు గోల పెడితే, వాటిని మొదటి నుంచే కనబడకుండా చేసింది తనే. వాటిని దాచే టిక్కు గడిని ఎక్కడో లోపల పెట్టి, దానికి పేరు పెట్టింది కూడా తనే. పదిమందికి చూపిస్తే పదిమందికీ ఇట్టే అర్థమైన పేరు. మీటింగులో చప్పట్లు కూడా కొట్టారు.

ఇప్పుడు ఊరుకుంటే తన అబద్ధం క్షేమంగా ఉంటుంది. అన్నయ్యను మాత్రం ఊరికి ఆ చివరే వెతుకుతూ ఉంటారు. ఆ సంగతి బుర్రకు స్పష్టంగా అందింది. గుండెలో మాత్రం ఏమీ కదల్లేదు.

"మౌస్ ఒక్కసారి ఇస్తారా?" అంది.

"తీసుకోండి మేడమ్. మీరు చేసిందే కదా."

సెట్టింగులు తెరిచి, అందులో పటం, అందులో ఇతరములు నొక్కింది. వదిన ముందుకు వంగి, ఆ పోయిన గొంతుతోనే పైకి చదివింది.

"పనికిరాని కాల్స్ దాచు... పనికిరానివంటే ఏవమ్మాయ్?"

"అవతలివాళ్లు ఎత్తనివి వదినా."

చెల్లెలు టిక్కు తీసేసింది. అన్నయ్య చుక్క నుంచి తొమ్మిది ఎర్ర గీతలు బయల్దేరి ఒకే చుక్క దగ్గర ఆగాయి. విశ్లేషకుడు కళ్లద్దాలు కిందికి లాక్కున్నాడు.

"ఎవరిదీ నంబరు?"

"నాదే."

వదిన తల తిప్పి ఆమెకేసి చూసింది. తిడుతుందనుకుంది చెల్లెలు. తిట్టినా బాగుండేది. వదిన మళ్లీ తెర వైపు తిరిగింది.

"చివరిది సాయంత్రం నాలుగూ ముప్పై ఏడుకి. ఆ తర్వాత కాసేపటికి ఫోనే ఆగిపోయింది," విశ్లేషకుడు గబగబా చదువుతున్నాడు. "టవరు ఆ చివర కాదే! పిల్లల లైబ్రరీ మేడ మీదది."

"అది వీళ్ల వీధే," అంది వదిన.

"ఆ టైముకి మీరు ఇంట్లో ఉన్నారా మేడమ్?"

"ఉన్నాను. ఆ రోజు ఇంటి నుంచే పని చేశాను."

అతను అప్పటికే ఫోన్ అందుకుని, ఆ చివర వదిలేసి ఇటు రమ్మని, వీధిలో కెమెరాలన్నీ చూడమని ఎవరికో చెబుతున్నాడు. వదినకు అవేవీ చెవికెక్కలేదు.

"నీ వీధి దాకా వచ్చాడు. మరి తలుపెందుకు కొట్టలేదే?" అని అడిగింది.

మెసేజీలో ఏముందో కాల్ డేటాలో ఉండదు. ఏ గడిలో టిక్కు తీసినా బయటపడదు. తాను చెబితే తప్ప ఈ గదిలో ఎవరికీ తెలిసే దారి లేదు. ఆరు రోజుల్లో మొదటిసారి ఆ సూది మందు దిగిపోవడం మొదలైంది. మౌస్ వదిలేసి వదిన వైపు తిరిగింది.

"ఆ చివరి కాల్ ఆగగానే మెసేజ్ పెట్టాను వదినా," అంది. "ఊళ్లో లేనన్నయ్యా, వచ్చాక చేస్తాను, అని పెట్టాను."