పాపయ్య పైపన్ను

డెబ్బై ఆరులో కబ్బన్‌పేట నేతగాడు పాపయ్య మగ్గం గుంతలో పడి, పైవరసలో ముందరి పన్ను ఒకటి పోగొట్టుకున్నాడు. మనిషికి వేరే చింత లేదు. ఆదివారం మటన్ బొమికను ముందరి పళ్ళతో పట్టి పీక్కుతినే భాగ్యం పోయిందే అన్నదే ఏడుపంతా.

ఆ రోజుల్లోనే దంత కళాశాల డాక్టరు జయరామప్ప, దవడ ఎముకలో లోహపు మర బిగించి దానిమీద పన్ను కట్టే కొత్త వైద్యం మొదలుపెట్టాడు. పాపయ్యకు ఉచితంగా కట్టాడు.

"పదేండ్లు నిలుస్తాదని లోకానికి చూపించాలప్పా. ఏడాదికోసారి వచ్చి చూపించు. గట్టివి మాత్రం కొరకొద్దు."

కొరకడానికే కదయ్యా కట్టించుకున్నది! పాపయ్య గొణిగాడు గానీ, భార్య గౌరమ్మ ఊరుకుంటుందా?

"ఊరికే ఇచ్చినోళ్ళ మాట దాటితే ఎట్ల? పదేండ్లు ఓర్చుకో" అంది. ఆనాటి నుంచి ఇంట్లో బొమికలు బంద్. దారం తెంచాలన్నా కత్తెరే. సంగటి ముద్ద ఎలాగూ నమిలేది కాదు, చారులో ముంచి మింగేదే.

ఏటేటా డాక్టరు ఆ పన్నును చిన్న కడ్డీతో తట్టి, "భేష్!" అని రాసుకునేవాడు.

ఐదో ఏట పాపయ్య, "సార్, కిందిపండ్లు కదుల్తా ఉండాయి, రక్తం కూడా వస్తాది" అన్నాడు.

"అవి నావి కాదప్పా, పక్క విభాగంలో చూపించు" అని ఆయన మళ్ళీ పైపన్నే తట్టాడు. పక్క విభాగంలో జనాన్ని చూసి పాపయ్య ఇంటిదారి పట్టాడు. అసలు పన్ను బాగుంది కదా, మిగతావి ఎలా పోతేనేం!

ఎనభై ఆరులో కళాశాలలో సభ పెట్టారు. పాపయ్యను కుర్చీలో కూర్చోబెట్టి, పైపెదవి ఎత్తి ఫోటోలు తీశారు. "పదేళ్ళు! ఇసుమంతైనా కదల్లేదు!" అని జయరామప్ప అనగానే చప్పట్లే చప్పట్లు. డాక్టరుకు శాలువా కప్పారు.

"సార్, ఇంక బొమిక కొరకొచ్చునా?"

"ధారాళంగా కొరుకప్పా!"

ఆ ఆదివారం గౌరమ్మ మటన్ వండి, పెద్ద బొమిక ఏరి పళ్ళెంలో పెట్టింది. పాపయ్య దాన్ని రెండు చేతులా పట్టి, పైపంటికి ఆనించి గట్టిగా అదిమాడు. కింద మెత్తని చిగుళ్ళే తగిలాయి. కిందివరసంతా ఎప్పుడో రాలిపోయిందని తెలియక కాదు. పదేళ్ళూ పైపన్ను ధ్యాసలోనే బతికిన మనిషికి, కొరకాలంటే కింద కూడా ఒకటుండాలని అప్పుడే తెలిసొచ్చింది. ఏడుపొచ్చింది పాపం.

"ఏమయ్యా, పన్ను కదుల్తా ఉండాదా?" గౌరమ్మ కంగారుపడింది.

"అది కదిలేది కాదులేమే. నేను పోయినా అట్లే ఉంటాది" అని పాపయ్య బొమికను ఆమె పళ్ళెంలో పెట్టాడు. "నాకు చారు పొయ్యి."